వచ్చింది, వచ్చావు

మా ప్లీడరు చెల్లాయికి,

పెద్దక్క ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ బావ దగ్గు కూడా కులాసాగానే ఉంది, ఇల్లు వదిలిపోయే ఉద్దేశం ఉన్నట్టు లేదు. అక్కడ నువ్వూ మరిదిగారూ పిల్లా చల్లగా ఉన్నారని నమ్ముతూ, రోజూ ప్రార్థనలో మిమ్మల్ని తలుచుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. అది ఉత్తరమా, కోర్టులో సాక్షిని నిలబెట్టి అడగడమా? పాలవాడి దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా ఎవరినీ వదలకుండా ప్రశ్నలు వేసేదానివనే కదా నీకు ప్లీడరని పేరు పెట్టాం. ఇన్నేళ్లుగా ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తున్నా ఆ గుణం పోలేదు. నా నవల అచ్చు కావడానికి ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు, ఇప్పుడు ఎక్కడున్నాను అని అడిగావు. అన్నిటికీ జవాబు రాస్తాను. ఒక్క ప్రశ్న మాత్రం చివరికి ఉంచుకుంటాను. తొందరపడి పేజీ తిప్పకు.

ఎప్పుడు రాశావన్నావు. ఆస్పత్రిలో, మా దుప్పట్ల గదిలోనే. ఉతికే మిషన్లు ఒకసారి తిరగడం మొదలుపెడితే వాటికి మనతో పనుండదు. మడతల బల్ల మీద ఓ మూల జాగా చేసుకుని రాసేదాన్ని. ఆ హోరులో ఎవరూ పలకరించరు. దేవుడితో మాట్లాడుకోవడానికైనా, కథ రాసుకోవడానికైనా అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. నర్సులు తొంగిచూస్తే దుప్పట్ల లెక్క అనేదాన్ని. ఇప్పుడు సంగతి బయటపడింది. "మా గురించి రాయలేదు కదా?" అని కొందరు, "మా గురించి రాయలేదేం?" అని కొందరు.

ముందు ఎవరు చదివారన్నావు. మీ బావే. గడియారాలు బాగుచేసే అద్దం కంటికి తగిలించుకుని చదివారు. అక్షరదోషాలన్నీ బియ్యంలో రాళ్లలా ఏరేశారు. కథ గురించి మాత్రం మాట్లాడరే! ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది. ఆ అక్కగారి మొగుడు పుస్తకం మొత్తంలో ఒక్కసారీ నోరు విప్పడేం?"

"ఆయన పని చేసుకుంటున్నాడు."

"అన్ని పేజీలూ పనేనటోయ్?"

అందుకని ఆయనకు రెండు మాటలు రాసిపెట్టాను. ఒకటి 'ఊఁ'. రెండోది 'వస్తున్నా'. చూపిస్తే సంతోషించారు.

వేసేదెవరంటే, స్టేషనరీ షాపు మేడమీద రెండు గదుల్లో ప్రచురణ నడిపే పెద్దమనిషి. అక్కడ కుర్చీల మీద కూడా పుస్తకాలే. వెళ్లినవాళ్లు ఆ దొంతర ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. నా కాగితాలు ఆయన దగ్గర చాన్నాళ్లున్నాయి. నేను ఆశ వదులుకుని, ఇక ఆ ఊసెత్తకుండా ప్రార్థన చేసుకుంటున్న రోజుల్లో కబురు చేశారు. "వేస్తానమ్మా. ఒక్క అధ్యాయం బోలుగా ఉంది. అది చూసుకోండి" అన్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక మెట్లు. టైపు చేయించాలి, ప్రూఫులు రెండుసార్లు చూడాలి, అట్ట మీద బొమ్మ వేయించాలి, ఆ తర్వాత ప్రెస్సు. నాకు ప్రెస్సు చూడాలని మహా కుతూహలంగా ఉండి, సెలవు పెట్టి వెళ్లాను. ఎవరిదో పుస్తకం అచ్చవుతోంది. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి వేస్తారు. దాన్ని ఫారం అంటారు. చూస్తే కొన్ని పేజీలు తలకిందులు, వరస కూడా తప్పు. పొరపాటు జరిగిందేమోనని కంగారుపడ్డాను. ప్రెస్సాయన నవ్వి, ఇటు మడిచి, అటు మడిచి చేతిలో పెట్టాడు. అన్నీ నిటారుగా, వరసలో ఉన్నాయి! జీవితమంతా దుప్పట్లు మడిచినదాన్ని, మడతలో ఇంత తెలివుందని నాకు తెలియలేదు. ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితం మడిచి చూసుకున్నాను. రెండు పేజీలు ఇప్పటికీ తలకిందులే వస్తున్నాయి.

అట్ట మీద ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా అన్నావు. రెండూ వద్దు, ఉత్త పేరు చాలన్నాను. అట్ట మీద ఆడమనిషి మొహం వేయిస్తానంటారు ప్రచురణాయన. తాడు కట్టిన పెట్టె వేయించమన్నాను. "లారీ ఆఫీసు పుస్తకమనుకుంటారమ్మా" అన్నారు. ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఆ బోలు అధ్యాయం.

టైపు చేస్తున్నది మా వీధి చివర జిరాక్సు షాపావిడ. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. మొన్న వెళ్లేసరికి కుర్చీ నా వైపు తిప్పింది.

"అక్కా, పొద్దుట్నించీ 'ఆమె వచ్చింది, ఆమె కూర్చుంది' అని కొట్టుకుంటూ పోతున్నానా, ఉన్నట్టుండి 'వచ్చావు, కూర్చున్నావు' అన్నారు. నేనెప్పుడొచ్చానబ్బా అని ఉలిక్కిపడ్డాను!"

చూశాను. నిజమే. ఆ అధ్యాయం నడిమధ్యలో 'ఆమె' పోయి 'నువ్వు' వచ్చింది. రాసినప్పుడు నాకు తెలియనే లేదు. మీ బావ అద్దానికీ చిక్కలేదు, ఎందుకంటే ఒక్క అక్షరమూ తప్పు లేదు.

"ఎవరక్కా ఈ నువ్వు?"

"ఎవరూ కాదు."

"ఎవరూ కానిదాన్ని పట్టుకుని నాలుగు పేజీలు నిలదీశారా? పోనీ, అన్నీ 'వచ్చింది' చేసేయనా? చిటికెలో పని."

"ఉండండి."

"ఏది ఉండాలి? వచ్చిందా, వచ్చావా?"

"పని ఉండనివ్వండి" అని వచ్చేశాను.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఇదే, చెల్లాయ్. నవలలో ఆ అమ్మాయివి నువ్వే.

నర్సు శిక్షణకని నువ్వు బయల్దేరిన రోజు. స్టేషనుకు ఎవరినీ రావద్దన్నావు. పెట్టెకు తాళం లేదని తాడు నేనే కట్టాను, మూల మీద గట్టి ముడి వేసి. దీపాలు పెట్టకముందే పెట్టెతో తిరిగొచ్చావు. "బండి తప్పిపోయింది" అన్నావు. తర్వాతి బండి ఎప్పుడని నాన్న అడగలేదు. అమ్మ అన్నం వడ్డించింది. అంతే. మళ్లీ ఆ శిక్షణ మాట మన ఇంట్లో రాలేదు. ఏడాది తిరక్కుండా అంత దూరంలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయావు.

ఆ పెట్టె విప్పింది నేను. ముడి నాది కాదు, నువ్వు బూట్ల లేసులకు వేసుకునే పువ్వు ముడి. లోపల బట్టలు నేను మడిచినట్టే ఉన్నాయి. అంచులు నేను చేత్తో కుట్టిన తెల్ల యూనిఫాం జత మాత్రం లేదు.

నువ్వే చెబుతావనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే జుట్టు నెరిసింది. ఆస్పత్రిలో తెల్లబట్ట ఏది చేతికొచ్చినా అంచు తిరగేసి చూస్తాను, నా కుట్టు కనబడుతుందేమోనని. అదేం అలవాటంటుంది తోటి పనావిడ. చిరుగులు చూస్తున్నానంటాను.

నవలలో ఆ పగటిని ఎన్ని రకాలుగా రాశానో. ఒకసారి ఆ అమ్మాయి భయపడి వెనక్కి వచ్చింది. ఒకసారి బెంచీ మీద ఏడుస్తున్న ఎవరికో బట్టలిచ్చింది. ఒకసారి వాటిని కదిలే బండిలోకి విసిరేసింది. ఏదీ నువ్వు కావు. ఊహించలేక, కలమే విసిగి నిన్నడగడం మొదలుపెట్టినట్టుంది.

ప్రచురణాయనకు చెప్పాను, మా చెల్లి సరేనంటేనే అచ్చని.

"ఆవిడ వద్దంటే?"

"దుప్పట్లు మడుచుకుంటాను."

ఆయన నవ్వారు. నేను నవ్వులాటకు అనలేదు. ఈ పుస్తకం చూసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. ఇంకోటి రాయగలనని నమ్మకం లేదు. అయినా నువ్వు వద్దన్నదాన్ని అట్ట వేసి అమ్మను. వద్దంటే ఒక్క ముక్క రాయి, కారణం కూడా అడగను. నాకు మాత్రమే చెప్పాలనిపిస్తే చెప్పు, నాలోనే ఉంటుంది, పుస్తకంలోకి రాదు. అచ్చు వేసుకోమంటే, షాపావిడకు ఆ 'నువ్వు'లన్నీ అలాగే ఉంచమంటాను. చదివేవాళ్లు ఎవరికి వారు ఉలిక్కిపడనీ.

"ముగింపేమిటక్కా?" అని అడిగావు కదా. చివరికి ఉంచిన ప్రశ్న అదే. అది నా దగ్గర లేదు. నీ గురించి దేవుణ్ణి ఎన్నో అడిగాను, ఆయన ఓపిగ్గా విన్నాడు. ఈ ఒక్కదానికి మాత్రం నీ వైపే చూపిస్తున్నట్టుంది. ఊళ్లో అందరినీ ప్రశ్నలడిగినదానివి, నిన్నడిగినవాళ్లు లేరు. అందుకే ఇన్నేళ్లకు అడుగుతున్నాను.

ఆ తెల్లబట్టలు ఎవరు కట్టుకున్నారు, తల్లీ?

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా ఆ పేజీలు ఆపి ఉంచిన
పెద్దక్క