ఇద్దరి పేర్లున్న బొమ్మలు

బీరంగూడ
ఆదివారం

ప్రేమగల నాగేశ్వరక్కకు,

నా ఫోన్ రోజూ నీ మరిది ప్రభాకర్ చూస్తాడు. అందుకే ఈ కాగితం. మా పటాన్‌చెరు షెడ్డు పక్క వెల్డింగ్ షాపు యూనుస్ భాయ్ భార్య అనీస్ బేగం తెచ్చి ఇస్తుంది. చదివి చింపెయ్.

శుక్రవారం హైదరాబాద్ గ్యాలరీలో మా ఆలుమగలిద్దరి ఇన్నేళ్ల పనినీ ఒక్కచోట పెడుతున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల తుక్కుతో, పాత వాల్వులతో, చైన్లతో మేం కట్టిన బొమ్మలన్నీ. ఆహ్వానం కార్డు మీద ఇద్దరి పేర్లూ చూసి నువ్వు మురిసిపోయావట.

ప్రదర్శన ఏర్పాటు చేసే నిషిత మా షెడ్డుకొచ్చి తనకు నచ్చినవి ఏరింది. అన్నీ నుజ్జునుజ్జయి, తీగతో కుట్టినవే. "ఈ పద్ధతి మీకెట్ల తట్టింది సార్?" అని అడిగింది. ప్రభాకర్ నవ్వాడు. "నేను పగలగొడ్త, ఆమె అతుకుతది. గదే మా సంసారం" అన్నాడు. ఆ పిల్ల కూడా నవ్వింది.

అది నవ్వులాట కాదక్కా. అన్నం చల్లారిందని ఒకరోజు గుర్రం బొమ్మను సమ్మెటతో కొట్టాడు. అడ్డం పోతే నా చెయ్యి విరిగింది. స్కూటీ మీద నుంచి పడ్డానని నీతో అన్నాను. తల్లి బొమ్మ కడుపు పగలగొట్టిన రోజున, దానికంటే ముందు నా కడుపులో తన్నాడు. అప్పుడు నాకు నాలుగో నెల. బాత్రూంలో జారిపడ్డానని అందరితో పాటు నువ్వూ నమ్మావు. కొట్టిన ప్రతిసారీ మర్నాడు ఆయన నా కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. నేను ముక్కలు ఏరి కుడతాను. ఇప్పుడు జనం చూడబోయేది వాటినే.

అయినా ప్రదర్శన ముగిసేదాకా నోరు మూసుకుంటాను. అవి నా చేతులు చేసినవి కూడా కదా. తర్వాత నీ దగ్గరికి వచ్చేస్తాను. పడుకోవడానికి ఒక మూల ఇస్తే చాలు.

నీ
వనజ

పటాన్‌చెరు షెడ్డు నుంచి

అక్కా,

ఆసుపత్రిలో నువ్వు ఏమడిగినా కళ్లతోనే చెప్పాను. పెదవి కుట్లు ఇంకా విప్పలేదు. జరిగింది రాస్తాను.

హాలు నిండా జనం. ప్రభాకర్ మైకు పట్టుకుని "నేను పగలగొడ్త, ఆమె అతుకుతది" అని మళ్లీ అదే మాట అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలామె తల్లి బొమ్మ దగ్గరికి పోయి, "ఈమె కడుపుల గీ గుంత ఏందమ్మా?" అని నన్నే అడిగింది. ఊరుకుందామనే అనుకున్నానక్కా. నోరు ఆగలేదు.

"నా బిడ్డ పోయిన దినం ఈయన కొట్టిన సమ్మెట దెబ్బ అది. ముందు నన్ను తన్నిండు, తర్వాత దాన్ని కొట్టిండు."

మైకుతోనే నా మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. "నా ఇజ్జత్ తీస్తవానే!" అంటూ కిందపడ్డ నన్ను పక్కటెముకల్లో తన్నాడు. ఒక్కరూ కదల్లేదు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారట! గుర్రం బొమ్మలోంచి ఇనుప రాడ్డు పెరికి నా తల మీదికి ఎత్తాడు. దాని మెడలోని చైను నా చేతికి అందింది. లాగి ఆయన చేతి మీదికి విసిరాను. ఆయన మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా జారిపడిన రాడ్డును ఎడమ చేత్తో తీశాడు. అప్పటికి యూనుస్ భాయ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన్ను నేలకు అదిమేశాడు. "బస్ చెయ్ ప్రభాకర్! గోడవతల ఉండి ఇన్నేండ్లు విన్న. ఇగ చాలు!"

పోలీసులు ఆయన్ను తీసుకుపోయారు. నిషిత "ప్రదర్శన మూసేద్దామా అక్కా?" అంది. వద్దని చెయ్యి ఊపాను. ఆయన పేరు తీసేయబోతే అదీ వద్దని సైగ చేశాను. పగలగొట్టింది ఎవరో, అతికించింది ఎవరో విడివిడిగా రాయమని కాగితం మీద రాసిచ్చాను. అలాగే రాశారు. జనం ఇప్పటికీ వచ్చి చూస్తూనే ఉన్నారు.

ఒకరి ఎముక విరిచాననే బాధ ఉందా అంటే ఉంది. రాత్రి ఆ చప్పుడుకే మెలకువ వస్తోంది. కానీ మళ్లీ ఆయన రాడ్డు ఎత్తితే మళ్లీ విసురుతాను.

మీ ఇంటికి రావడం లేదు. కోపం తెచ్చుకోకు. షెడ్డుకు కొత్త తాళం వేశాను. వెల్డింగ్ మిషన్‌ను ఆయన ఏనాడూ నన్ను ముట్టనివ్వలేదు. ఇప్పుడు యూనుస్ భాయ్ నేర్పుతున్నాడు. నిన్న మొదటి అతుకు వేశాను. వంకరగా వచ్చింది. బలంకొద్దీ కాలితో తన్ని చూశాను.

ఊడలేదక్కా.

నీ చెల్లెలు
వనజ