ఒక గింజ తీసేదానివా, వేసేదానివా?

రూతమ్మా, బాగున్నావా... నువ్వు పోయి ఏడాది కావొస్తోంది. ముందు నా కోపం విను. మిషన్ దవాఖానా దొరసాని నీకిచ్చిపోయిన, రికార్డులు తిరిగే పాటల పెట్టెను నన్ను ఒక్కనాడన్నా ముట్టుకోనిచ్చావా?

"నీది గొడ్డలి పట్టే చెయ్యి పెద్దమనిషీ, జరుగు. పాటకు దెబ్బ తగుల్తది" అనేదానివి. పాస్టరు గారి ముందు కూడా అన్నావు. నేను మరిచిపోలేదు.

ఇప్పుడు చూడు. ఎలుకలు దారం కొరికేశాయి. రికార్డు మీద ముల్లు నడిమికి ఉరకకుండా, ముల్లున్న కడ్డీని అంచువైపు లాగిపట్టే దారం... దాని కొసన వేలాడే తూకం గుండు పోతే అడవిలో గురివింద గింజలు ఏరుకొచ్చి గుచ్చావే, అదే. మంచం కిందికి వంగి వంగి ఏరాను. అన్నీ దొరికాయో లేదో. ఎన్ని గుచ్చావో ఎప్పుడైనా చెప్పావా నాకు?

ఖమ్మం తీసుకుపోయాను. రిపేరు చేసేవాడు ముల్లు మీద బరువు పెంచాడు. పాట అరిగిపోతుందని వాడి చేతిలోంచి గుంజుకుని బస్సెక్కాను. బరువును కడ్డీ మీద నువ్వు గీసిన గీత దగ్గరికే మళ్లీ తిప్పాను.

మన చర్చివాళ్లు పాడిన రికార్డుకు ఒకవైపే పాట, రెండోవైపు నున్నగా ఉంటుంది కదా. నువ్వు చేసినట్టే నున్నటివైపు ముల్లు దించాను. కడ్డీ నడిమికి ఉరికింది. ఒక్కో గింజ గుచ్చుకుంటూ పోయాను... చివరికి ఎటూ కదలక నిలబడింది. గొడ్డలి పట్టిన చెయ్యే నిలబెట్టింది, విన్నావా?

పాటవైపు తిప్పాను. నువ్వు ఒక్కదానివే పాడే చరణం దగ్గర గరగర... నీ గొంతు చిరిగినట్టు. ఆపేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. కడ్డీ నిలబడ్డాక "నున్నటి దాని మీద నిలబడ్డదని మురువొద్దు, పాట మీద లాగుడు వేరే ఉంటది" అని నీలో నువ్వే అనుకుంటూ ఒక గింజ... తీసేదానివా, వేసేదానివా? నేను చూడలేదు. జరుగు అన్నావుగా, గోడవైపు తిరిగి కూర్చున్నాను.

రెండూ చేసి చూడమంటావా? తప్పు పడితే ముల్లు ఆ చరణాన్ని ఇంకొంచెం గీకేస్తుంది. నీ గొంతు ఇంకెక్కడుంది రూతా? ఫోన్లో లేదు, ఎవరి దగ్గరా లేదు. అది కూడా అరిగిపోతే...

ఆదివారం మనింట్లో నీ జ్ఞాపకార్థ కూడిక. పాట పెడతానని పాస్టరు గారికి మాటిచ్చేశాను. పెట్టె తుడిచి, ఒక గింజ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కలలోకే వస్తావో, ఎట్లా వస్తావో నాకు తెలియదు. ఈసారి గోడవైపు తిరగను. తీయాలా? వెయ్యాలా?

శనివారం పొద్దుగూకే లోపల చెప్పాలి.

నీ యాకోబు