అంగడికి రెండు తాళాలు

నాయనా,

నీ పెద్దకర్మ అయిన నెలకు, ఈ రోజు మన ప్రొద్దుటూరు గుడ్డలంగడి తెరిచాం. పొత్తు మొదలైన నాడే నువ్వూ ఖాదర్ మామా తలుపుకు చెరొక తాళం పెట్టుకున్నారు కదా, ఒకరు లేకుండా ఇంకొకరు తెరవకూడదని. నీ తాళం పగలగొట్టి బేరం సాగించుకోమని ఎందరు చెప్పినా మామ వినలేదు. ఇన్నాళ్ళూ అంగడి మూసే ఉంచాడు.

భాగస్తుడు పోతే పాత పొత్తు చెల్లదట, మళ్ళీ పత్రం రాసుకోవాలన్నాడు వకీలు. నీ వాటాకు తన కొడుకు పేరు రాయమని చిన్నాయన పట్టుబట్టాడు.

"ఆడపిల్లకు అంగడేంది? రేపు పెండ్లయితే యాడికో పోతాది."

ఖాదర్ మామ నిదానంగానే అన్నాడు: "ఆడబిడ్డకూ వాటా ఉందని కొత్త చట్టమే చెప్తాంది గదప్పా. ఆ బిడ్డనే అడుగు."

"మా నాయన వాటా నేనే చూసుకుంటా" అన్నాను. తలుపు చాటు నుంచి అమ్మ, "నా వంతు గూడా దానికే రాయండి" అనింది. చిన్నాయన కాఫీ ముట్టకుండా లేచిపోయాడు.

ఈ పొద్దున నేను నీ తాళం తీసేదాకా మామ తన తాళం మీద చెయ్యి వెయ్యలేదు.

సాయంత్రం రెండూ వేసి బయలుదేరాం. వీధి మలుపు దాకా వచ్చాక మనసొప్పక, నేనొక్కదాన్నే వెనక్కి పోయి నీ తాళం లాగి చూసి వచ్చాను. మామ మలుపులోనే ఆగి ఉన్నాడు.

"మీ నాయన గూడా రోజూ ఇంతే తల్లీ. నేను ఈడనే నిలబడుకోని ఉంటాంటి" అన్నాడు.