వెర్నా కుడిచెయ్యి

ఆఫీసరు హాస్కెల్ గారికి, మీ గుడారాల పక్క పశువుల దొడ్డి ముసలివాడు రాసేది.

ప్రవక్తనని చెప్పుకుని జనాన్ని పోగేసుకున్న ఆ మనిషి ఇంటిని మీరు చుట్టుముట్టి ఇరవై రోజులైంది. కాల్పుల్లో అటూ ఇటూ మనుషులు పోయారు. లోపల అతని భక్తుల్లో నా కూతురు వెర్నా ఉంది. "రెండు చేతులూ ఎత్తి వస్తే కాల్చం తాతా. ఎత్తలేదా, తుపాకీ ఉన్నట్టే లెక్క" అన్నాడు నిన్న మీవాడు.

వెర్నా కుడిచెయ్యి పైకి లేవదు. పన్నెండేళ్లప్పుడు గుర్రం మీంచి పడి భుజం విరిగింది. "డాక్టరు దగ్గరికి పోదాం నాన్నా" అని ఏడ్చింది. "ఎన్ని దూడల విరిగిన కాళ్లకు కట్టు కట్టాను, నీకు కట్టలేనా?" అని నేనే కట్టేశాను. వంకరగా అతుక్కుంది.

ఆమెను వదిలేయమని అడగను. ఒక్క చెయ్యే ఎత్తి వచ్చేది వెర్నా అని తుపాకీ పట్టిన ప్రతివాడికీ చెప్పండి. రెండోది లేవకపోవడం ఆమె తప్పు కాదు, నాది.