మూడు ఫేజుల బాయిలర్

నవంబర్ 30, శనివారం

ఈసారి క్రిస్మస్ జింజర్ వైన్, అదే మా అల్లం పానకం, కాచేది కరెంటు మీదే. నాయన దగ్గు చూసి డాక్టర్ కట్టెల పొయ్యి వద్దన్నాడు. ఆరాధన అయ్యాక చర్చిలో అందరికీ పోసేది నాయన కాచిందే. అది మానుకోమంటే మనిషి సగమైపోతాడు.

షాపులో రెండు బాయిలర్లు చూపించారు. ఒకటి 230 వోల్టులది, నిదానం. ఇంకోటి 415, మూడు ఫేజులూ ఒకేసారి కావాలి, ఇట్టే మరుగుతుంది. ఇంటికి త్రీఫేజ్ ఉంది కదా అని పెద్దదే తెచ్చాను. చిన్నది చాలు పాపా, మన ఈదిలో కరెంటు సంగతి నీకు తెలీదా అన్నాడు నాయన. వింటేనా.

డిసెంబర్ 3

ఎలక్ట్రీషియన్ మునిప్రసాద్ బాయిలర్ బిగించాడు. మీటర్ పక్కన ఫేజు స్విచ్‌లు చూసి తల గోక్కున్నాడు. మా వీధిలో ఇవి లేని ఇల్లు లేదు. ఒక ఫేజులో లైటు సన్నబడితే బాగున్న ఫేజుకు తిప్పుకుంటాం. మా ఇంట్లో అది నాయన డ్యూటీ. మూడు స్విచ్‌లూ ఒకే ఫేజుకు తిప్పేసి వచ్చి కూర్చుంటాడు.

మూడూ ఒకే ఫేజుకు తిప్పితే బాయిలర్‌కు వోల్టేజే రాదు మేడమ్, ఇంట్లో చెప్పండి అన్నాడు మునిప్రసాద్. చెప్తాలే అన్నాను.

డిసెంబర్ 4

ఆఫీసులో ఆడిట్. ఊపిరాడలేదు.

డిసెంబర్ 14, శనివారం



పొద్దున్నే అల్లం, గోధుమలు, చక్కెర వేసి బాయిలర్ ఆన్ చేశాను. దాన్ని ముట్టుకోవద్దు, టైమర్ ఉంది అని నాయనకు మరీమరీ చెప్పి తిరుపతిలో పెళ్లికి వెళ్లాను. బాయిలర్ గురించే చెప్పాను. స్విచ్‌ల గురించి చెప్పలేదు.

సాయంత్రం వచ్చేసరికి క్వయర్‌లో పాడే కోమలి, ఇంకో ఇద్దరు సీసాలు కడుగుతున్నారు. మూత తీస్తే గోరువెచ్చని నీళ్లు, పులిసిన వాసన. లైటు సన్నగా ఉండాదని స్విచ్‌లు తిప్పినా పాపా అన్నాడు నాయన.

అందరి ముందూ అరిచాను. నీ చేతులు ఊరికే ఉండవా, ఈ వయసులో ఎందుకు నీకీ పెత్తనాలు అన్నాను. తప్పయిపోయింది అన్నాడు. కోమలి తల దించుకుంది.

ఆయనకు చెప్పలేదన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా అరిచాను.

డిసెంబర్ 15

చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో ఉండే నాయన ఇవాళ వెనక బెంచీలో కూర్చున్నాడు.

డిసెంబర్ 17

బాయిలర్ మార్చి 230ది తెచ్చాను. ఏ ఫేజుకు తిప్పినా పనిచేస్తుంది. మునిప్రసాద్ ముందే హెచ్చరించాడు, నీకు చెప్పనిది నేనే, తప్పు నాది నాయనా అన్నాను. పోనీలే పాపా అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వే కాయి అని బతిమాలాను. లేదు పాపా, నువ్వే కాయి, నేను సూస్తా ఉంటా అని దూరంగా కుర్చీ వేసుకున్నాడు. అల్లం ఎంత వేయాలంటే నీ ఇష్టం అన్నాడు. ఎన్నడూ అలా అన్న మనిషి కాదు.

డిసెంబర్ 25

అన్నా, నీ చేతి రుచే వేరు అన్నారంతా. పాప కాసింది అన్నాడు.

డిసెంబర్ 26

ఇందాక లైటు సన్నబడింది. నాయన లేచి స్విచ్‌ల దాకా వెళ్లి ఆగిపోయాడు. తిప్పమంటావా పాపా అని అడిగాడు.