బోరు కాడి స్టార్టరు

మంగళవారం, రాత్రి

ఎండిన బోరు కాడి స్టార్టరు పెట్టెను ఈ పొద్దు పీకి తెచ్చి, ఇంటి పక్క షెడ్డులో బిగించినాం. ఇంగ నాకు సేద్యం లేదు, వెల్డింగే. కరెంటు పని చేసే బాషన్న త్రీఫేజు వైర్లు కలిపి, ఎర్తింగు చూసి, "ఒత్తప్పా" అన్నాడు.

పచ్చ బటను నాయనతోనే ఒత్తించినా. వెల్డింగు మిషను గుర్రుమనింది. నాయన పంచె ఎగ్గట్టుకోని బయటికి ఉరికినాడు. బోరు ఆడినన్నాళ్లూ అంతే, బటను ఒత్తి, నీళ్లొచ్చినాయా అని పైపు కాడికి పోయి దోసిలి పట్టేవాడు.

వాకిట్లోనే నిలబడిపోయినాడు.

"యాడికి పోతాండావు మామా?" అన్నాడు బాషన్న.

"ఏం లేదప్పా."

రేపట్నుంచి నాయన ఇంట్లో లేనప్పుడే ఆ బటను ఒత్తాల అనుకుంటాండా. ఆయన మాత్రం ఇంగ యాడికి పోతాడు...