మంగళ, గురువారాలు రెండింటికి

లారెల్ ఫోర్క్, కెంటకీ
అక్టోబర్ 28

కాలేజీ రికార్డుల ఆఫీసులో ఉన్న పెద్దలకు,

ఆర్విల్ స్టాంపర్ రాసుకునేది. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసినవాణ్ణి. చెవులు సరిగ్గా వినపడవు, అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నాను.

మా మనవరాలు రేలిన్ హైస్కూల్లో ఉంటూనే మీ దగ్గర కాలేజీ ఇంగ్లీషు పాఠం కూడా చదువుతోంది. ఆగస్టులో చేర్చుకునే కాగితం మీద సంతకం పెట్టింది నేనే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అదే. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను.

పాఠం మంగళ, గురువారాలు మధ్యాహ్నం రెండింటికి అన్నారు. ఈ నెల మొదట్లో నా కిడ్నీలు చేతులెత్తేశాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మీ కాలేజీ కొండకు అటు, ఆసుపత్రి ఇటు. కారు నడిపేది రేలినే. రెండింటికి చూస్తే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటుంది. "మరి పాఠమో?" అంటే "ఇప్పుడు కంప్యూటర్లోనే చెబుతున్నార్లే తాతా, నువ్వు కాసేపు పడుకో" అంటుంది. ఆ కంప్యూటర్ మరీ చిన్నది కాబోలు, నా కంటికి ఆనలేదు. పిల్ల ఎలా చదువుతోందో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
ఆర్విల్ స్టాంపర్

తా.క. మంచి కబురైతే మా తీపిజొన్న పాకం ఒక సీసా మీది.

నవంబర్ 3

గౌరవనీయులైన స్టాంపర్ గారికి,

మీ ఉత్తరం అందింది. కాలేజీ పాఠంలో చేరిన విద్యార్థి ఎంత చిన్నదైనా, ఆమె వివరాలు ఆమెవే. ఆమె అనుమతి లేకుండా ఇంటివాళ్లకు కూడా చెప్పకూడదని చట్టం. అసలు ఆ పేరుతో ఇక్కడ ఎవరైనా ఉన్నారో లేరో కూడా నేను చెప్పలేను. ఫారం జతచేశాను. విద్యార్థి సంతకం కావాలి.

భవదీయురాలు,
డ్రీమా కోంబ్స్, గుమాస్తా

తా.క. ఆఫీసులో కానుకలు పుచ్చుకోకూడదు. పాకం అంటే మాత్రం నాకు ప్రాణం.

నవంబర్ 9

అమ్మా డ్రీమా,

ఉందో లేదో చెప్పలేనంటావా! దానికి నాలుగేళ్లప్పటినుంచీ పెంచానమ్మా ఆ పిల్లని. రుజువులు పంపుతున్నాను. ఒకటి, దాని ఫోటో. రెండు, "రేలిన్ ఉన్నది, ప్రతి ఆదివారం చూస్తున్నాను" అని మా పాస్టర్ రాసిచ్చిన చీటీ. మూడు, రెండో తరగతిలో వచ్చిన బహుమతి రిబ్బను. ఇంకా కావాలంటే పిల్లనే పెట్టెలో పెట్టి పంపాలి.

ఇంకో సందేహం. ఆగస్టులో అది చిన్నపిల్ల కాబట్టి నా సంతకం కావాలన్నారు. ఇప్పుడు అది పెద్దమనిషి కాబట్టి నాకు చెప్పాలంటే దాని సంతకం కావాలంటున్నారు. ఈ మధ్యలో అది ఎప్పుడు పెద్దదైపోయింది? ఆ రోజు నేను మెషీను మీద ఉండి ఉంటాను.

మీ ఫారం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. "రేపు పెడతాలే తాతా" అంటోంది, రోజూ.

ఇట్లు,
ఆర్విల్

తా.క. రిబ్బను తిరిగి పంపు. అది నాది.

నవంబర్ 15

స్టాంపర్ గారికి,

రిబ్బను, చీటీ, ఫోటో తిరిగి పంపుతున్నాను. ఫోటో చాలాసేపు చూశాను.

ఇది ఆఫీసు మాట కాదు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల కోసం కౌంటీవాళ్ల వ్యాన్ ఉంది, ఉచితం. మీకు అది నచ్చకపోతే, మంగళవారాలు నాకు సెలవు. నా కారులో నేనే తీసుకెళ్తాను.

మీ శ్రేయోభిలాషి,
డ్రీమా

నవంబర్ 22

అమ్మా డ్రీమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా ఆవిడ పోయి పదకొండేళ్లయింది. ఈ మధ్యలో ఏ ఆడమనిషీ నన్ను కారులో తిప్పుతానని అడగలేదు. సంతోషమే. కానీ నాకు డెబ్బై నాలుగు, ఒంట్లో సగం నీళ్లు, రేలిన్ ఏమనుకుంటుందోనని బెంగ. ఇక్కడితో ఆపేద్దాం.

మర్యాదతో,
ఆర్విల్ స్టాంపర్

తా.క. ఈ మాట ఇంకెవరికీ చెప్పను. నర్సులకు మాత్రం చెప్పాను.

నవంబర్ 29

స్టాంపర్ గారికి,

నాకు మొగుడున్నాడు. బండమనిషి, బాగానే ఉన్నాడు.

నేనడిగింది ఒక్కటే. మంగళవారం రెండింటికి ఒక పదిహేడేళ్ల పిల్ల ఎక్కడ కూర్చుని ఉంటే బాగుంటుంది? మీరే ఆలోచించండి. ఇంతకు మించి ఒక్క అక్షరం రాసినా నా ఉద్యోగం ఉండదు.

డ్రీమా

ఫిబ్రవరి 12

డ్రీమా గారికి,

నేను రేలిన్. మీరు చూసిన ఫోటోలో పిల్లని.

తాత జనవరి మొదటి శనివారం పోయాడు. మీ ఉత్తరాలు ఆయన సొరుగులో దొరికాయి.

డిసెంబర్లో ఉన్నట్టుండి "నీ డ్రైవింగుకి నా కడుపులో తిప్పుతోంది, కొత్త సంవత్సరం నుంచి వ్యాన్లో పోతా" అన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇప్పుడు నాకు తిరిగి కావాలనిపిస్తోంది. ఆయన పోయాక వచ్చిన మంగళవారం, వ్యాన్ వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టింది. వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పాఠం నేను అక్టోబర్లోనే మానేశాను. మీకు తెలుసు. తాతకు తెలియకూడదనే ఫారం మీద సంతకం పెట్టలేదు. ఇప్పుడు పెట్టి పంపుతున్నాను. ఇక మీరు ఎవరికైనా చెప్పవచ్చు, అడిగేవాళ్లు ఎవరూ లేరు.

మార్చిలో మొదలయ్యే ఇంగ్లీషు పాఠంలో చేరాలని ఉంది. పెద్దవాళ్ల సంతకం కావాలంటారేమో, పెట్టేవాళ్లు లేరు. మార్చి మూడుకి నాకు పద్దెనిమిది నిండుతాయి. అప్పటిదాకా చోటు ఉంచగలరా? మంగళ, గురువారాలైనా పర్వాలేదు. ఇప్పుడు ఖాళీయే.

ఇట్లు,
రేలిన్ స్టాంపర్

తా.క. మీరు తనని ప్రేమించారని నర్సులందరికీ చెప్పుకున్నాడు. దయచేసి కాదనకండి.

వంటింట్లో మీ పేరుతో పాకం సీసా ఉంది. మీద అంటించిన కాగితం ఆయన చేతిరాతే: "డ్రీమాకి. రేలిన్ మళ్లీ చేరిన రోజున ఇవ్వాలి." మళ్లీ అని రాశాడండీ. నేను చెప్పలేదు, మీరూ చెప్పలేదు. సీసా నేనే తెస్తాను.